పదకొండు మైళ్ళ కారు

ఒక ఊరికి జరగగల మేళ్ళన్నిటిలోకీ గొప్ప మేలు ఏమిటో తెలుసా? ఆ ఊళ్ళో ఉన్న కార్ల కంపెనీ మూతపడటం!

నవ్వకండి. ఎనభై దాటినవాణ్ణి. కుర్రతనంలో నాలుగేళ్ళు మా ఎల్క్‌టన్‌లో హాల్‌స్టెడ్ మోటార్స్ కార్లకు తలుపులు బిగించినవాణ్ణి. ఆలోచించే చెబుతున్నాను. బతికున్న కంపెనీతో రోజుకో తలనొప్పి. కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది, తుప్పు పడుతుంది, వానొస్తే కాళ్ళ దగ్గర మడుగు కడుతుంది. అదే పోయిన కంపెనీ అయితే? దాని కారు ఎప్పటికీ ఆగదు. కదిలితే కదా ఆగడానికి!

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా హాల్‌స్టెడ్ కళ్ళు ఏటేటా పెరిగి ఇప్పుడు చేటలంత అయ్యాయి. నేను పనిచేసిన రోజుల్లో హాల్‌స్టెడ్ కొన్నవాణ్ణి చూసి ఇండియానా అంతా జాలిపడేది. మా ఫోర్‌మన్ అయితే వేరే కంపెనీ కారులో వచ్చి, దాన్ని రెండు వీధుల అవతల పెట్టి, అక్కణ్ణుంచి నడిచొచ్చేవాడు. పాపం, ఆయనకు నడక మంచిదని డాక్టరు చెప్పాడని అందరికీ చెప్పేవాడు.

ఇప్పుడో? ప్రతి ఆగస్టులోనూ మూడు రోజులు హాల్‌స్టెడ్ ఉత్సవం! పార్కులో తెర కట్టి కంపెనీవారి పాత టీవీ ప్రకటన వేస్తారు. ఒకే ప్రకటన, రోజుకు ఇరవైసార్లు. అందరికంటే ఎక్కువ కన్నీళ్ళు పెట్టుకునేది ఉత్సవ కమిటీ అధ్యక్షుడు లోవెల్ ప్రూయిట్. రిటైరైన పళ్ళ డాక్టరు. ఫ్యాక్టరీ మూసిన రెండేళ్ళకు పుట్టాడు. హాల్‌స్టెడ్ ఇంజను చప్పుడు ఒక్కసారైనా విన్నవాడికి ఆ పాటి ప్రేమ సాధ్యమా?

ఆ ప్రకటన మీరు చూసే ఉంటారు. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మ స్టీరింగు పట్టుకుని నవ్వుతుంటుంది. కారు గ్రాంట్ వీధి మిట్ట ఎక్కుతుంది. చిన్న చప్పుడైనా ఉండదు. పక్షుల కూతలు వినిపిస్తాయి. చివర ఆ అమ్మ మనవైపు తిరిగి, "ఎక్కి కూర్చోండి, చేర్చే పూచీ మాది!" అంటుంది. అక్కడ జనమంతా గొంతు కలుపుతారు. లోవెల్ జేబురుమాలు తీస్తాడు.

చప్పుడెందుకు ఉంటుందండీ? అందులో ఇంజనే లేదు! షూటింగు రోజుకి ఇంజను తయారుకాలేదు. వెనక వంగి నలుగురం తోశాం. వెనక చక్రం పక్కన రెప్పపాటు సేపు ఒక బూటు కనిపిస్తుంది చూడండి, అది నాదే. నా నటజీవితం అక్కడ మొదలై అక్కడే ముగిసింది.

ఆ అమ్మ పేరు వెర్నా స్టట్స్‌మన్. మా ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే మనిషి. తొడుగులు అందం కోసం కాదు, వేళ్ళ నిండా ఉన్న సూదిపోట్లు కనబడకుండా వేశారు. గొంతు కూడా ఆమెది కాదు, చికాగో నుంచి తెప్పించారు.

ఇక అసలు దైవం సంగతి. ఫ్యాక్టరీలోంచి ఆఖరున బయటికొచ్చిన హాల్‌స్టెడ్ మా మ్యూజియంలో ఉంది. అది తిరిగింది మొత్తం పదకొండు మైళ్ళు. ఇంజను బంగారంలా ఉంది, బ్యాటరీ కొత్తది, ట్యాంకులో పెట్రోలు కూడా ఉంది. కానీ నడపకూడదు. నడిపితే పన్నెండవుతుంది! అందుకని ఊరేగింపు రోజున పన్నెండుమంది మగాళ్ళు దాన్ని తోస్తారు. తోసినా మీటరు తిరుగుతుందని ముందుగా దాని తీగ ఊడదీస్తారు. కార్లు చేసి దేశం మీదికి వదిలిన ఊరు, ఇంజనున్న కారుని చేత్తో తోసుకుంటూ తిరుగుతోంది. ఇంతకంటే పురోగతి ఏ ఊరు సాధించింది?

పైగా ఎంత వ్యాయామం! ఎంత ఐకమత్యం! పన్నెండుమంది ఒక్కమాట మీద నిలబడటం మా ఊళ్ళో ఇంకెక్కడా జరగదు. మార్లో అనే పట్నానికి వెళ్ళే చిన్న బస్సు ఆపొద్దని మొన్న వసంతంలో సంతకాలు అడిగితే తొమ్మిదే వచ్చాయి. ఎక్కేవాళ్ళు తక్కువని బస్సు ఆపేశారు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అంటారే, అలా ఉంది మా వైభవం.

ఆ బస్సు ఎక్కే తక్కువమందిలో వెర్నా ఒకతె. ఆమె కిడ్నీలు రెండూ పని మానేశాయి. మంగళ, గురు, శనివారాలు ముప్ఫైయొక్క మైళ్ళ దూరంలో ఉన్న మార్లో ఆసుపత్రికి వెళ్ళి, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. బస్సు పోయాక ఏ రోజుకారోజు ఎవరినో బతిమాలుకుంటోంది. జూన్‌లో ఒక్కరోజు ఎవరూ దొరక్కపోతే కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక, అంబులెన్సులో పోయింది. నేను తీసుకెళ్దామా అంటే, కళ్ళు మందగించాయని నా లైసెన్సు లాగేసుకున్నారు.

ఈసారి ఊరేగింపు శనివారం పడింది. స్టీరింగు ముందు కూర్చోమని అడగడానికి లోవెల్ పూలగుత్తితో వెర్నా ఇంటికి వెళ్ళాడు. నేనూ అక్కడే కాఫీ తాగుతున్నాను.

"కూర్చుంటానయ్యా. కానీ మిట్ట మధ్యాహ్నానికి నేను మిషను దగ్గర ఉండాలి. నన్నెవరు దింపుతారు?" అంది వెర్నా.

"దానికేముందండీ, ఎవరో ఒకరు దింపుతారు!"

"ఎవరో ఒకరంటే, పేరేమిటి?"

"అబ్బ, మీరు మరీనండీ! ఊరంతా మీ వెనకే ఉంటుంది కదా!"

ఆ మాట నిజమే. ఊరంతా ఆమె వెనకే ఉంది, తోస్తూ.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. కమిటీవాళ్ళు వెర్నాకి ఈసారి మోచేతుల దాకా వచ్చే తొడుగులు ఇచ్చారు. ఆసుపత్రి సూదుల మచ్చలు ఫొటోల్లో బాగుండవట. అప్పుడు వేళ్ళమీది పోట్లు దాచాం, ఇప్పుడు చేతిమీదివి దాచాం. హాల్‌స్టెడ్ సంప్రదాయాన్ని మేం ఎన్నడూ తప్పలేదు.

పదిన్నరకి కారు పాత ఫ్యాక్టరీ గేటు చేరింది. చప్పట్లు మోగాయి. తోసినవాళ్ళు చెమట తుడుచుకుని, వేయించిన పందిమాంసం బన్నుల కోసం పరిగెత్తారు. ఆ 'ఎవరో ఒకరు' కూడా వాళ్ళలోనే ఉన్నట్టున్నాడు.

"దిగండి వెర్నా గారూ, ఫొటోలు అయిపోయాయి," అన్నాడు లోవెల్.

"దిగను."

"అంటే?"

"ఎక్కి కూర్చోండి, చేర్చే పూచీ మాది అన్నారుగా? అరవై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. ఎక్కాను, కూర్చున్నాను. చేర్చండి."

"ఇది పదకొండు మైళ్ళ కారండీ! మార్లో పోయొస్తే డెబ్బైమూడు అవుతుంది!"

"మీటరు తీగ ఊడదీసే ఉంచారు కదయ్యా. చంద్రమండలం పోయొచ్చినా పదకొండే చూపిస్తుంది."

"అయ్యో, అది మోసం కదండీ!" లోవెల్ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

పాఠకులు ఈ ధర్మసూక్ష్మం గ్రహించాలి. తీగ ఊడదీసి తోస్తే భక్తి. తీగ ఊడదీసి నడిపితే మోసం!

జనం ఇదంతా కార్యక్రమంలో భాగమనుకున్నారు. "ఆ 'దిగను' ఇంకోసారి అనమ్మా, వీడియో సరిగా రాలేదు!" అని ఒకడు అరిచాడు. కొందరు ప్రకటనలోని మాట అందుకున్నారు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. వెర్నా చెప్పులు విడిచేసి ఉంది. పాదాలు ఉబ్బి, అప్పటికే వాటిలో పట్టేలా లేవు. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"భయమేస్తోందా?" అనడిగాను మెల్లగా.

"వెయ్యకేం చేస్తుందిరా క్లైడ్? నవ్వుతున్నానని కనబడటం లేదూ? ఈ నవ్వు నాకు కంపెనీ నేర్పిందే," అంది.

నాకు ఒళ్ళు మండింది. లోవెల్ చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాను. "నీ సొంత కారేదోయ్?" అన్నాను.

లోవెల్ నేలచూపులు చూశాడు. ఉత్సవం మూడు రోజులూ ఈ వీధుల్లోకి విదేశీ కారు రాకూడదని రూలు రాసింది అతనే. అతని కారు రెండు వీధుల అవతల, చర్చి వెనక, దుప్పటి కప్పుకుని ఉంది. దుప్పటి లాగితే ఏముంది? నిగనిగలాడే జపాన్ కారు! మా ఫోర్‌మన్ ఆత్మ ఎంత సంతోషించి ఉంటుందో!

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా ముగ్గురం ఆ జపాన్ కారులో మార్లో చేరాం. వెర్నా తొడుగులు తీసేసి, సీటు కుట్టు వెంట బొటనవేలితో నొక్కుతూ పోయింది. "బాగా కుట్టారు. వీళ్ళని ఎవరూ తొందరపెట్టలేదు," అంది. తర్వాత కళ్ళు మూసుకుంది. లోవెల్ ఆమె చేతిమీది మచ్చలు చూసి, వెంటనే రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఉత్సవం దిగ్విజయంగా ముగిసింది. కారు పదకొండు మైళ్ళ దగ్గరే ఉంది. అందరి కళ్ళూ తడిసే ఉన్నాయి. ఒక్క చిన్న సంగతి మిగిలింది. మంగళవారం వస్తోంది.

మ్యూజియం తాళాలు లోవెల్ దగ్గరున్నాయి, నిజమే. కానీ వెనక రేకు తలుపు గొళ్ళెం ఊడి ఏళ్ళయింది. ఇక హాల్‌స్టెడ్ డ్రైవరు పక్క తలుపంటారా, అది తాళం వేసినా పడదు. తుంటితో ఒక్కటిస్తే తెరుచుకుంటుంది. నాకెలా తెలుసంటారా? బిగించింది నేనే! అరవై ఏళ్ళుగా ఈ లోపం దాచుకున్నాను, ఇన్నాళ్ళకి ఊరికి పనికొచ్చింది.

మంగళవారం పొద్దున పదిన్నరకి వెర్నా ఆ కారులో కూర్చుని ఉంటుంది. పక్క సీట్లో నేనుంటాను. తాళంచెవి ఎప్పుడూ స్టీరింగుకే వేలాడుతుంటుంది. నా కళ్ళు సరిగా ఆనవు, ఆమె కాళ్ళు బ్రేకు మీద సరిగా ఆనవు. ఎల్క్‌టన్ జనులారా, మీ పదకొండు మైళ్ళమీద మీకు ప్రేముంటే పదింబావుకల్లా ఎవరైనా కారు తీసుకురండి. ఏ దేశపుదైనా ఫరవాలేదు.