పీతలో లోహం, ఒంటికి లాభం

లోతు సముద్రపు పీతల్లో సీసం, కాడ్మియం, పాదరసం దొరికాయని కంగారు పడుతున్నారా? మీకు పుణ్యముంటుంది, ఆ కంగారు మానుకోండి. అది మన అదృష్టం! ఈ మాట నాది కాదు, మా బాబాయిది. పీతల్ని డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీలో ప్రచారమంతా చూసేది ఆయనే. ఆయనకు అబద్ధమాడాల్సిన ఖర్మేమిటి చెప్పండి?

సంగతేమిటంటే, ఒడ్డు దగ్గర పీతలు అడుగంటాక కంపెనీ పడవలు లోతుకు వెళ్ళాయి. అక్కడి పీతలు ఒక్కోటీ చాటంత ఉన్నాయి. కంపెనీ సంబరపడేలోపే ల్యాబ్ నుంచి రిపోర్టొచ్చింది. ఈ పీతలు తినడం కంటే పాత బ్యాటరీ నాకడం నయమట. అంత మొరటుగా రాయలేదు లెండి, భావం మాత్రం అదే.

ఛైర్మన్ గారు బాబాయిని పిలిపించి తలుపేసుకున్నారు. అమ్మడం మానేయడం తప్ప ఇంకే ఉపాయమైనా సరే, ఆలోచించమన్నారు.

బాబాయి మాటకారి. బట్టతల వాడికి దువ్వెన అంటగట్టి, అద్దం కూడా కొనిపించగలడు. చూస్తుండగానే వీధివీధినా పోస్టర్లు వెలిశాయి: ‘ఇప్పుడు అదనపు ఖనిజాలతో!’

టీవీలో ఆయన విడమరిచి చెబుతుంటే నాకే నోరూరింది. ఒంట్లో సత్తువ లేదని మూలిగేదీ మీరే, లోహం చేరుతుంటే వద్దనేదీ మీరేనా? బంగారం కొనలేకపోతున్నామని వాపోతారే, ఏదో ఒక లోహమంటూ ఒంట్లో ఉంటే ధైర్యం కాదూ? దొంగ ఎత్తుకుపోలేడు, అల్లుడు తాకట్టు పెట్టలేడు. ఇక మతిమరుపూ, వేళ్ళ తిమ్మిరీ అంటారా? పీత ముట్టని వాళ్ళకు మాత్రం అవి రావటం లేదా?

జనం ఎగబడి కొన్నారు. ఆ ఊపులో కంపెనీ విలేకరులకు విందు పెట్టింది. క్యాంటీన్లో బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, మధ్యలో పొగలు కక్కే పీతల్ని పేర్చారు. బాబాయి చొక్కాకి మైకు తగిలించుకుని పెళ్ళిపెద్దలా తిరుగుతూ, అందరికీ కొసరి కొసరి వడ్డించాడు.

ఆయన కూతురు, అంటే మా చెల్లెలు, కంపెనీ ఉన్న వీధి చివరే టైలరింగ్ షాపు నడుపుతుంది. అప్పుడు ఏడో నెల. తండ్రి మాటలు టీవీలో విని విని పీత మీద మనసు పుట్టింది. షాపుకి తాళమేసి తిన్నగా క్యాంటీన్‌కే వచ్చింది. ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, ఓ లావుపాటి పీత కాలు విరిచి నోటిదాకా తెచ్చింది.

బాబాయి రెండు కుర్చీలు తన్నేసి పరుగెత్తుకొచ్చి ఆ ముక్క లాగేశాడు. కూతురి చెవి దగ్గరకు వంగి గుసగుసగా చెప్పాడు. చొక్కాకి మైకు ఉందన్న సంగతే మరిచిపోయాడు.

“నువ్వు తినకు తల్లీ. కడుపులో బిడ్డ ఉంది.”

హాలంతా వినబడింది. నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి.

చెల్లెలు తండ్రి మొహం వంక చూసింది. “మరి ఈ మాట టీవీలో చెప్పలేదేం నాన్నా? నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్ళలో ఇద్దరు నిండు చూలాళ్ళు. నిన్ను నమ్మి డబ్బాలు కొన్నారు.”

బాబాయి మైకు పీకి బల్లమీద పెట్టాడు. కూతురి చెయ్యి పట్టుకుని, ఛైర్మన్ గారు పిలుస్తున్నా వినకుండా ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళాడు. తినొద్దని చెప్పి డబ్బాలు వెనక్కి తీసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. తండ్రీకూతుళ్ళు గడపగడపా తొక్కి, దొరికిన డబ్బా దొరికినట్టు పోగేశారు. ఉద్యోగం పోయింది. మా పిన్ని మాత్రం చాన్నాళ్ళకి ఇంట్లో నిజం మాట్లాడే మగవాడు కనబడ్డాడని మురిసిపోయింది.

కంపెనీ బాబాయి సీట్లో ఇంకొకాయన్ని కూర్చోబెట్టింది. ఆయన కూడా మంచి మాటకారేనట. పైగా పెళ్ళి కాలేదట, అదొక అర్హత.

చిక్కల్లా ఇంట్లో గుట్టపడ్డ డబ్బాలతోనే వచ్చింది. విషం మేం ఎక్కించుకోమని చెత్తబండి వాళ్ళు వెళ్ళిపోయారు. బాబాయి కాలుష్యం ఆఫీసుకి వెళ్ళి, వీటినేం చేయమంటారని అడిగాడు. అక్కడి అధికారి చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ చెప్పాడు:

“దీనికింత మథనపడతారేమండీ? అందరిలాగే సముద్రంలో పారేయండి. ఒడ్డున కాదు సుమా, బాగా లోతున.”