అచ్చయ్యకు కళ్ళు తిరిగిన బుధవారం

శంకర్ నగర్‌లోని ఆ పెద్దవాళ్ల నివాసంలో ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. చేతకాని పనికి మాత్రమే సాయం వస్తుంది. ఈ హిందీ ఊళ్లోనే ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరైన అచ్చయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా చేతకాని పని లేదు. అదే ఆయన బాధ. రోజూ పొద్దున్నే నర్సు ప్రమీల మాత్రలిచ్చి అయిదు నిమిషాల్లో వెళ్లిపోతుంది. పక్కగది జ్ఞానప్రకాశం దగ్గర మాత్రం ముప్పావుగంట ఉంటుంది. గోడకు చెవి ఆనిస్తే ఇద్దరి నవ్వులూ వినిపిస్తాయి. ఆ నవ్వులకు అచ్చయ్య కడుపు మండిపోయేది.

బుధవారం ఉదయం ఆయన ఒక నిర్ణయానికొచ్చి, మాత్రలు అందుకుంటూనే నుదుటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కళ్ళు తిరుగుతున్నాయమ్మా. థోడా సేపు కూర్చో."

ప్రమీల కూర్చోలేదు, గంట కొట్టింది. బీపీ మిషనూ చక్రాల కుర్చీ వచ్చాయి, వాటి వెనకే డాక్టరు. ఉప్పు ఎక్కువని ఆవకాయ సీసా, కాలుతుందని టీ కెటిలూ గది దాటాయి. పడిపోయే మనిషని తలుపుకు ఎర్ర చీటీ అంటించారు.

చీటీ చూడగానే అచ్చయ్య "నాకేటీ లేదు, సూడండి" అంటూ లేచి, చెప్పులైనా వేసుకోకుండా వరండా ఆ చివరిదాకా చకచకా నడిచి చూపించాడు. డాక్టరుకు అనుమానం ఇంకా పెరిగింది.

"బాబూజీ, ఆజ్ కౌన్ సా దిన్ హై?" అని, ఇవాళ ఏ వారమో అడిగాడు.

"మంగళ్" అన్నాడు అచ్చయ్య, కంగారులో బుధవారాన్ని మంగళవారం చేసేసి.

డాక్టరు రాసుకున్నాడు. ఇక ఒంటరిగా ఉంచకూడదు, కింది వార్డుకు మార్చాలన్నాడు. అక్కడ తలుపులకు లోపల గడియలుండవు.

డాక్టరు వెళ్లగానే అచ్చయ్య ప్రమీల ముందు తల దించుకున్నాడు. "అబద్ధమాడానమ్మా. పక్కగదాయన దగ్గర అంతసేపుంటావు. నా దగ్గర నిలబడవు."

ప్రమీల ఆయన్ని పక్కగదికి తీసుకెళ్లింది. ప్రమీల కోసం చూసి చూసి, జ్ఞానప్రకాశం ఒక చెయ్యి చొక్కాలో, పక్షవాతం వచ్చిన చెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను గుండీలు పెడితే నిమిషం పని, తాతగారూ. ఆయనే పెట్టుకుంటానంటారు. తప్పు కాజాలో పడితే ఇద్దరం నవ్వుకుంటాం" అంది.

"నువ్వు లేవడం, తాళం వేసుకుని బయటికెళ్లడం రోజూ గోడ అవతల్నించి వింటానయ్యా" అన్నాడు జ్ఞానప్రకాశం. "నాకెంత కుళ్లో నీకు తెలీదు."

అచ్చయ్య మంచం పక్కన కూర్చుని, చొక్కా అంచు పట్టుకుని, జ్ఞానప్రకాశం తనే చివరి గుండీ పెట్టుకునేదాకా ఆగాడు.

ప్రమీల వెళ్లి జరిగిందంతా చెబితే డాక్టరు వార్డు మాట కొట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ రెండు రోజుల సెలవుకు చీటీ రాసి, కారణం అన్నచోట లేని 'తలనొప్పి' పెడితే, డాక్టరు బీపీ మిషను ఊసైనా ఎత్తక, ఒక్క ప్రశ్నా అడక్కుండా సంతకం చేశాడు.