యాక్సిలరేటర్ మీద కాలు లేదు

ఆ ఉదయం ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు తుడవాలి, భార్యను డ్రైవింగ్ పరీక్షకు తీసుకెళ్ళాలి. తుడవడం అయ్యాక ఊరికే ఒకసారి స్టార్ట్ చేసి చూశాడు. అక్కడ మొదలైంది.

ఇంజను కుదురుగా లేదు. యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఒకసారి గొంతు పెంచుతుంది, మరుక్షణం నీరసపడుతుంది, మళ్ళీ పెంచుతుంది. అచ్చుతప్పు కంటపడితే దిద్దకుండా పేజీ తిప్పలేని మనిషికి ఆ మోత వింటూ నిలబడటం కష్టం. పైగా ఇవాళ మామూలు రోజు కాదు. భార్య ఫిజియోథెరపిస్టు. ఇళ్ళకు వెళ్ళి పేషెంట్లను చూసే ఉద్యోగం వచ్చింది, కానీ లైసెన్సు ఉంటేనే సోమవారం చేర్చుకుంటారు. ఇప్పటికే రెండుసార్లు పరీక్షలో ఎత్తు ఎక్కేచోట ఇంజను ఆగిపోయి తప్పింది.

"బానెట్ జోలికి వెళ్ళకండి," అంది ఆమె కిటికీలోంచి.

"వెళ్ళట్లేదు. చూస్తున్నానంతే."

"మిక్సీని కూడా ముందు చూశారంతే."

ఆమె లోపలికి వెళ్ళగానే అతను బానెట్ ఎత్తాడు. ఒకప్పుడు ఆ కారు నడిపిన మామగారు పక్కనే వచ్చి నిలబడ్డారు.

"ఇగ్నిషన్ టైమింగ్ తప్పింది మామయ్యగారూ. నిప్పురవ్వ పడాల్సిన క్షణంలో పడట్లేదు."

"నా దగ్గరున్నన్నాళ్ళూ పడిందే! నీ దగ్గరికొచ్చాకే అది క్షణాలు మరిచిపోయిందా?"

అతను ఆ క్షణాన్ని చూపించే టైమింగ్ లైటు తగిలించాడు. నిప్పురవ్వలు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్నని రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, చివర మూసిపెట్టి చూడాలట. మూయడానికి మామగారి బొటనవేలు దొరికింది.

"వేలు తియ్యకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

అంతలో ఇంట్లో ఫోను మోగింది. మామగారు వేలితో సహా వెళ్ళిపోయారు. గొట్టం గాలి పీల్చింది, ఇంజను రెచ్చిపోయింది. లైటు మీదే కళ్ళున్న ప్రూఫ్‌రీడరు టైమింగ్ ముందుకు పోయిందనుకుని డిస్ట్రిబ్యూటర్‌ను వెనక్కి తిప్పాడు. ఇంతలో మామగారు వచ్చి బుద్ధిగా మళ్ళీ వేలు పెట్టారు. ఇంజను దగ్గి, ఆగిపోబోయింది. అతను కంగారుగా, కాలు పెట్టకున్నా ఇంజను వేగం పెంచే ఐడ్లింగ్ స్క్రూ బిగించాడు. మళ్ళీ దగ్గింది, మళ్ళీ బిగించాడు. సైలెన్సర్ "ఢాం" అంది.

పై వాటాలో బట్టలారేస్తున్నావిడ బకెట్ వదిలేసింది. అల్లుడూ మామా నిలువునా తడిశారు.

"ఎవరు కాల్చారు?" అని అరిచిందావిడ.

భార్య తయారై బయటికొచ్చింది. కారునీ చూసింది, నీళ్ళోడుతున్న మొగుణ్ణీ చూసింది. "పదండి, టైమైంది."

"ఒక్క నిమిషం, టైమింగ్..."

"పదండన్నానా?"

హడావిడిలో డిస్ట్రిబ్యూటర్‌ను పాత చోటికి తిప్పేసి, గొట్టం తగిలించి, బానెట్ మూశాడు. స్క్రూ సంగతి మరిచాడు.

మామగారు కూడా ముందు సీటు ఎక్కేశారు. కారు యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే వీధి దాటింది. సిగ్నల్ దగ్గర ప్రూఫ్‌రీడరు బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. ముందున్న ట్యాక్సీ డ్రైవరు ఆ గర్జనకు తల బయటపెట్టి, "నా మీద కోపమెందుకు సార్, ఎర్రలైటు నేను పెట్టలేదు!" అన్నాడు.

వెనక సీట్లో భార్య మెల్లగా, "ఈ ఉద్యోగం పోయినట్టే," అంది. అతను ఏదో సర్దిచెప్పబోయాడు. చెప్పినా ఆ మోతలో వినబడదు.

పరీక్ష మైదానంలో ఇన్‌స్పెక్టరు ఆమె పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, అంత రైజ్ చెయ్యకండి."

"నా కాలు యాక్సిలరేటర్ మీద లేదు సార్."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. నిజంగానే లేదు.

ఎత్తు మధ్యలో ఆమె కారు ఆపింది. పెదవి కొరుక్కుని క్లచ్ మెల్లగా వదిలింది. ఆగిపొమ్మని బతిమాలినా ఆగే స్థితిలో లేదు ఆ ఇంజను. వెనక్కి అంగుళమైనా జారకుండా పైకి పాకింది.

"క్లచ్ మీద మంచి పట్టుంది. పాసయ్యారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మంచినీళ్ళ కోసం దిగుతూ.

ప్రూఫ్‌రీడరు గంతేశాడు. "చూశారా మామయ్యగారూ! టైమింగంటే అదీ!"

"కారు కాస్త పక్కకు తియ్యండి," అన్నారెవరో. అతను ఛాతీ విరుచుకుని భార్య దిగిన సీటు ఎక్కి, గేరు వేసి, క్లచ్ మీంచి కాలు తీసేశాడు. కారు ఎగిరింది. దారి గుర్తుకు వరసగా నిలబెట్టిన కర్రలన్నీ పడిపోయాయి, ఇన్‌స్పెక్టరు ఖాళీ కుర్చీ నుజ్జయింది, చివరికి పాత టైర్ల కుప్పకు గుద్దుకుని ఆగింది.

బానెట్ దానంతటదే తెరుచుకుంది. ఇంజను మోత ఇంకా ఊగుతోంది. భార్య వంగి చెవి పెట్టింది. ఫిజియోథెరపీలో ఛాతీకి చెవిపెట్టి జనం ఊపిరి వినే మనిషి కదా.

"ఇక్కడేదో గాలి పీలుస్తోంది," అంటూ ఒక లావు గొట్టం మెడ దగ్గర పగులు మీద వేలు నొక్కింది. ఊగడం ఆగిపోయింది. బ్యాగులోంచి బ్యాండేజి టేపు తీసి గట్టిగా చుట్టింది. ప్రూఫ్‌రీడరు బుద్ధిగా స్క్రూ వదులు చేశాడు. ఇంజను పిల్లిలా గురగురలాడింది.

ఇన్‌స్పెక్టరు కుర్చీకాలు ఒకటి చేత్తో పట్టుకుని ప్రూఫ్‌రీడరు దగ్గరికి వచ్చాడు. "మీ లైసెన్సు ఇలా ఇవ్వండి. వచ్చే నెల మళ్ళీ పరీక్షకు రండి. అప్పటిదాకా లైసెన్సున్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి."

ఇంటికి చేరేదాకా క్లచ్ ఎలా వదలాలో ఆమె అతనికి ఓపిగ్గా చెబుతూనే ఉంది.