ఆమెన్ అనేలోపు

ఆ ఆదివారం ఉదయం జయకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు చర్చికి వెళ్ళి, కంప్యూటరు పెట్టి, తాను కట్టిన పాట తెర మీద సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవాలి. తర్వాత ఇంటికి వచ్చి కొత్త చీర కట్టుకోవాలి. ప్రత్తిపాడు సంఘం వార్షికోత్సవంలో ఆమె తన పాట పాడించడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ సండే స్కూలు పిల్లల చేత వాక్యాలు బట్టీ పట్టించడంతోనే సరిపోయింది.

పాటను టైపు చేసి పెట్టింది ఆమె మేనల్లుడు బెన్నీ. కంప్యూటరు మరీ నెమ్మదిగా ఉందని, దాన్ని నడిపించే పాత విండోస్ పక్కనే లినక్స్ అనే కొత్తదాన్ని కూడా అతనే ఎక్కించాడు. ఇప్పుడు స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. కావలసినదాన్ని ఎంచుకోవాలి. ఎవరూ ఏమీ నొక్కకపోతే కంప్యూటరు కాసేపు ఎదురుచూసి, తనంతట తానే కొత్తదాంట్లోకి వెళ్ళిపోతుంది. పాటలన్నీ ఉన్నది పాతదాంట్లో. ఈ సంగతి అత్తకు చెప్పాలనే బెన్నీ అనుకున్నాడు. ఇంతలో తాడేపల్లి వెళ్ళే బస్సు వచ్చింది.

జయకుమారి స్విచ్ వేసి కళ్ళు మూసుకుంది. ఆ సంఘంలో ప్రార్థన లేకుండా సూదిలో దారం కూడా ఎక్కించరు. పాస్టరు గారి మోకాళ్ళ కోసం, కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల మీద వాన పడకుండా ఉండటం కోసం ప్రార్థించి, ఆమెన్ అని కళ్ళు తెరిచింది. ఎదురుగా ఎన్నడూ చూడని నీలం తెర. పాట లేదు. పాటలు దాచిన ఫోల్డరూ లేదు.

ఆపి మళ్ళీ వేసింది. భయం వల్ల ఈసారి ప్రార్థన ఇంకాస్త పొడుగైంది. మళ్ళీ అదే నీలం తెర. బెన్నీకి ఫోన్ చేస్తే స్విచాఫ్. తాడేపల్లి చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. ఆరాధన అయ్యేదాకా ఫోన్ ఆన్ చెయ్యడు. పాట రాసిన కాగితం కూడా అతని సంచిలోనే ఉంది.

అప్పుడే గాయకబృందం నాయకురాలు మహిమ వచ్చింది.

"ఏంటక్కా, అలా చూస్తన్నావ్?"

"నా పాట పోయింది మహిమా."

"పోతే పోయిందిలే. పాత పాటలకేం తక్కువ? అందరికీ నోటికొచ్చినవేగా."

మహిమ ఓదార్చాలనే అంది. కానీ ఆ పాత పాటలన్నీ ఎత్తుకునేది మహిమేనని జయకుమారికి గుర్తొచ్చింది.

"నిన్న చర్చి తాళాలు నీ దగ్గరేగా ఉన్నాయి?"

"అంటే?"

"ఏం లేదు, అడిగానంతే."

"అడగటం కాదక్కా అది, అంటగట్టటం! నిన్న పొద్దుగూకేదాకా తోరణాలు కట్టి నా నడుం పడిపోయింది. నీ పాట తీసుకెళ్ళి ఏం చేసుకోను? పచ్చడి పెట్టుకోనా?"

ఆ కేకలకు సంఘపెద్ద క్రీస్తుదాసు గారు పరుగున వచ్చారు. సంగతి విని, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే షఫీక్‌ను పిలిపించారు.

"సెల్లులైతే చూస్తాను గానీ పెద్దయ్యగారూ, ఇంత పెద్దవి నాకు..."

"పెద్ద సెల్లే అనుకోవయ్యా! ముందు స్విచ్ వెయ్యి. అది వేడెక్కేలోపు మేం ప్రార్థన చేస్తాం."

షఫీక్ స్విచ్ వేశాడు. అందరూ తల వంచారు. మర్యాద తెలిసినవాడు కాబట్టి అతనూ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. క్రీస్తుదాసు గారి ప్రార్థన మొదలయ్యాక పొయ్యి మీద ఎసరు పెడితే, ఆమెన్ వినపడేసరికి అన్నం వార్చుకోవచ్చు. కళ్ళు తెరిస్తే నీలం తెర.

షఫీక్ అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఇది వేరే సిస్టమండీ. పాతదాన్ని ఎవరో తీసేసినట్టున్నారు."

అందరూ మహిమ వైపు చూశారు. షఫీక్ కంగారుపడ్డాడు. "ఎవరో అంటే... దుమ్ము వల్ల కూడా అవుద్దండీ!"

అన్న పాపానికి డబ్బా మూత విప్పాల్సి వచ్చింది. పక్క కల్లం నుంచి ఎగిరి వచ్చిన ఎర్రటి మిరప దుమ్ము లోపల పేరుకుపోయి ఉంది. అతను ఊదాడు. చర్చి అంతా తుమ్మింది. మూత బిగించి, స్విచ్ వేసి, మళ్ళీ ప్రార్థన. నీలం తెర. ఈలోగా పాస్టరు గారు వచ్చారు. ఆయనా ప్రార్థించారు. అయినా నీలం తెరే. ప్రార్థన చాలడం లేదని కొత్తగా వచ్చినవాళ్ళందరూ కలిశారు. బల్లలు నిండిపోయాయి.

"పోనీ మహిమా, పాత పాట ఎత్తుకో తల్లీ" అన్నారు పాస్టరు గారు.

"నేనే దొంగనని అందరూ అనుకుంటంటే నేను పాడనుగాక పాడను!" అని మహిమ చీర చెంగు బొడ్లో దోపుకుంది. బృందమంతా ఆమెతో లేచింది. ఇప్పుడు కొత్త పాటా లేదు, పాత పాటా లేదు. జయకుమారికి ఏడుపొచ్చింది.

"చివరిసారి చూద్దాం. అందరూ ఏకమనసుతో ఉండండి" అని క్రీస్తుదాసు గారు గొంతు సవరించుకున్నారు.

షఫీక్ స్విచ్ వేశాడు. ప్రార్థన ఇంకా సృష్టి దగ్గరే ఉండగా, మిరప దుమ్ము జయకుమారి ముక్కులోకి పోయింది. పెద్దయ్యగారి ప్రార్థనలో తుమ్మితే ఇంకేమైనా ఉందా? ముక్కు గట్టిగా పట్టుకుంది. ఆ బిగింపుకు కళ్ళు తెరుచుకున్నాయి.

నల్లటి తెర మీద రెండు పేర్లు. పక్కన ఒక అంకె తగ్గిపోతోంది.

ఎదురుగా మహిమ. కోపంతో కళ్ళు మూసుకోవడమే మానేసి, జయకుమారిని మింగేసేలా చూస్తోంది. జయకుమారి చూపు వెంట ఆమె చూపూ తెర మీదికి వెళ్ళింది. మిగతా అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి. అందరికంటే గట్టిగా మూసుకున్నది షఫీక్.

జయకుమారి వేలితో చూపించింది: ఏది? మహిమ గడ్డంతో చెప్పింది: కిందది. మహిమ బాణం గుర్తు నొక్కింది. జయకుమారి ఎంటర్ కొట్టింది. ఇద్దరూ టక్కున కళ్ళు మూసుకున్నారు.

ఆమెన్ అయ్యేసరికి తెర మీద పాత బొమ్మ, పక్కనే పాటల ఫోల్డరు. చర్చి చప్పట్లతో మారుమోగింది.

"చూశారా!" అన్నారు క్రీస్తుదాసు గారు కళ్ళు తుడుచుకుంటూ. "మహిమ మీద నింద కూడా పోయింది."

"ఎట్టా వచ్చిందండీ?" అని షఫీక్ నోరు తెరిచాడు.

ఎట్టా వచ్చిందో చెప్పాలంటే ముందు ప్రార్థనలో కళ్ళు తెరిచామని చెప్పాలి. కళ్ళు తెరిచిన పిల్లల చెవులు మెలిపెట్టే టీచరు జయకుమారే. ఆమె మహిమ వైపు చూసింది.

"పద అక్కా, కట్టుకొద్దువు గానీ కొత్త చీర" అంది మహిమ. ఆ పూట జయకుమారి పాటను ముందుగా ఎత్తుకుంది ఆమే. రెండో చరణానికి బల్లల్లో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

భోజనాల దగ్గర బెన్నీ ఫోన్ చేశాడు. "అత్తా, కంప్యూటర్లో ఒకటి మార్చాలి, వచ్చే వారం వస్తా."

జయకుమారి చేతిలోని ఫోన్‌ను మహిమ లాక్కుంది. "దాని జోలికి రాకు నాయనా, బానే ఉంది!"

అప్పటినుంచి ప్రతి ఆదివారం కంప్యూటరు పెట్టేటప్పుడు ఆ ఇద్దరూ దాని ముందు పక్కపక్కనే కూర్చుంటున్నారు. అంత భక్తిగా ప్రార్థించేవాళ్ళు సంఘంలో ఇంకెవరూ లేరని క్రీస్తుదాసు గారు అందరికీ చెబుతుంటారు.