తొమ్మిది ముఖాల లాప్‌టాప్

రియాషో దో సీనో పట్టణం శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు విదేశీ సాఫ్ట్‌వేర్ బానిసత్వం నుంచి విముక్తి పొందబోతోందని మైకు కారు వీధివీధికీ చాటుకుంటూ తిరిగింది. మధ్యమధ్యలో గ్యాస్ సిలిండరు ధర కూడా చెప్పింది.

మేయరు ఒలింపియో బెజెర్రాగారు నలభై లాప్‌టాప్‌లు కొని, వాటిల్లో ఏ కంపెనీకీ డబ్బు కట్టక్కర్లేని లినక్స్ పెట్టించారు. ప్రారంభోత్సవ ముహూర్తం వెనక్కి జరిపే వీల్లేదు. ఎన్నికల్లో నిలబడేవాళ్ళు పోలింగుకి మూడు నెలల ముందు నుంచీ ప్రారంభోత్సవాలకు పోకూడదని బ్రెజిల్ చట్టం. శనివారంతో ఆ గడువు మొదలు. అందుకని ఆ వారంలోనే ఆయన ఒక కల్వర్టునీ, ఇంకో సగం కల్వర్టునీ ప్రజలకు అంకితం చేసేశారు.

ఈ విముక్తి పోరాటానికి సేనాపతి జెనివాల్. 'డిజిటల్ స్వాతంత్ర్య విభాగ సంచాలకుడు' అని బల్ల మీద పలక. విభాగంలో ఉన్నది అతనూ, ఒక ఫ్యానూ. కిందటి ఎన్నికల్లో మేయరుగారి మైకు ఉపన్యాసం నడుమ మూగబోతే, వైరు పళ్ళతో కొరికి అతికించిన వీరుడు. ఆ పళ్ళే అతని డిగ్రీ. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం కాదు. మేయరు సంతకంతో వచ్చింది, మేయరు సంతకంతో పోతుంది. పళ్ళు తోముకునేటప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చేది.

బుధవారం ఆరోగ్య కేంద్రం నర్సు వాల్‌దెనిసి, పరీక్షకని ముందుగా ఇచ్చిన లాప్‌టాప్‌ని చంకన పెట్టుకొచ్చింది.

"ఏం నాయనా సంచాలకా! నీ స్వాతంత్ర్యం పది నిమిషాలకోసారి మూర్ఛపోతోంది. పెద్దాసుపత్రికి పంపాల్సినోళ్ళ పేర్లు ఎక్కిస్తున్నా. ఆరో పేరు కాడ టప్పున ఆరిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. లైన్లో ఉన్నోళ్ళు తిట్టేది నన్ను గానీ నిన్నా?"

"ఫర్మ్‌వేర్ లోపం అక్కా. లినక్స్ అంటే బళ్ళో నేర్చిన బుద్ధి. ఫర్మ్‌వేర్ అంటే పుట్టుబుద్ధి. పుట్టుబుద్ధి వంకరైతే బడి ఏం చేస్తుంది? కంపెనీవాళ్ళు కొత్తది పంపారు. అప్‌డేట్ పెడుతున్నా."

"పెట్టావా?"

"ఏడుసార్లు పెట్టా. పట్టలేదు."

చార్జరు పెట్టి చేశాడు, పీకి చేశాడు. బల్ల మార్చాడు. చర్చి వైపు తిప్పి కూడా చేశాడు. ప్రతిసారీ తెర మీద ఏదో రాత వచ్చేది, వెంటనే మూసేసేవాడు. యంత్రం కోపంలో నాలుగు మాటలంటుంది, మనం మనసులో పెట్టుకోకూడదన్నది అతని సాంకేతిక సిద్ధాంతం.

ఎనిమిదోసారి వాల్‌దెనిసి అతని చెయ్యి పట్టుకుని ఆపి చదివింది. "చోటు చాల్లేదంటోంది కదయ్యా! నీకు చదువు రాదా?"

యంత్రం నిద్ర లేవగానే మొదట తెరిచే చిన్న అర ఒకటుంది. కొత్త ఫర్మ్‌వేర్ ముందు అక్కడే దిగాలి. జెనివాల్ ఆ అర తెరిచి చూశాడు. లోపల తొమ్మిది ఫోటోలు కిక్కిరిసి ఉన్నాయి. పెట్టిన దుర్మార్గుడెవరా అని ఆలోచిస్తే, తనే.

ఆ ఊళ్ళో కుళాయి పెట్టినా, పక్కన పేర్ల పలక కుళాయి కంటే ఎత్తుగా ఉండాలి. లాప్‌టాప్‌కి పలకెక్కడ కొడతాం? అందుకని మీట నొక్కగానే మేయరుగారి బొమ్మ వచ్చేట్టు చేశాడు. ఆయన మురిసిపోయారు. అది చూసి భార్యగారు, ఉపమేయరు, నిధులు తెచ్చిన పార్లమెంటు సభ్యుడు, ఆయన స్వర్గీయ తండ్రి, ఇలా వరసకట్టారు. ఒక్కొక్కరూ నలభై సెకన్లు నవ్వుతారు. బొమ్మలన్నీ హోర్డింగుల కోసం తీసినవి, ఆ సైజులోనే ఎక్కించాడు.

మేయరుగారి ముఖ్య కార్యదర్శి లిండినాల్వా దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఒక్క ఫోటో తీసేస్తే పనవుతుంది."

"ఎవరిది?"

"ఆ పోయినాయనది..."

"పిచ్చివాడా, ఆయన పేరు మీద ఇప్పటికీ మూడొందల ఓట్లు పడతాయి. బతికున్న నీ పేరు మీద ఎన్ని పడతాయి?"

"పోనీ, అన్నిటినీ కాస్త చిన్నవి చేస్తే?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "మేయరుగారిని చిన్న చేస్తానని ఈ గదిలో అన్నావు సరే. బయట అనకు. పిల్లలు గలవాడివి."

శుక్రవారం పొద్దున వాల్‌దెనిసి మళ్ళీ వచ్చింది. "ఫోటోలు నాకొద్దు జెనివాల్. అరగంట వెలిగితే చాలు. పద్దెనిమిది మంది పేర్లున్నాయి."

ఆమె లాప్‌టాప్‌లో మాత్రం, కళ్ళు మూసుకుని, తొమ్మిది మందినీ తీసేశాడు. అప్‌డేట్ పెట్టాడు. పట్టింది! గంట వెలిగింది, రెండు గంటలు వెలిగింది. పద్దెనిమిది పేర్లూ ఎక్కాయి. తను బాగుచేసింది నిజంగా బాగుపడటం జెనివాల్ జీవితంలో అదే మొదలు. కొంచెం భయమేసింది. అయినా ధైర్యం చేసి దాన్ని వేదిక మీద అన్నిటికంటే ముందు పెట్టాడు.

మూడు గంటలకు మేయరుగారు రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. నాలుగు సెకన్లలో యంత్రం లేచి, పనికి సిద్ధంగా కూచుంది.

"ఏమైందిరా దీనికి?"

"పనిచేస్తోందయ్యా."

"మరి నేనేడి?"

లిండినాల్వా చటుక్కున పక్కదాన్ని ముందుకు తోసింది. మేయరుగారు వెలిగారు, చప్పట్లు. భార్యగారు, చప్పట్లు. స్వర్గీయులకు అందరూ లేచి నిలబడ్డారు. ముఖాలన్నీ అయ్యాక మేయరుగారు ఊరి పేరు ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతుంటే యంత్రం ఆరిపోయింది. బ్యాండు అందుకుంది.

సాయంత్రం లిండినాల్వా వచ్చింది. "ముఖాలు రాని ఆ చెడిపోయినదాన్ని కంపెనీకి తిప్పి పంపు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విఫలమైందని రెండు పేజీల నివేదిక కావాలి. కింద సంతకం సంచాలకుడిది. నువ్వు పెడతావా, కొత్త సంచాలకుణ్ణి వెతకమంటావా?"

"పెడతానమ్మా."

వాల్‌దెనిసి గుమ్మంలోనే నిలబడి ఉంది. "రాయి నాయనా. 'ఎందుకూ పనికిరాదు' అని రాయి. కింద గీత కూడా గియ్యి."

జెనివాల్ ఒక లాప్‌టాప్ తెరిచి మొదలుపెట్టాడు. మూడో వాక్యంలో ఆరిపోయింది. రెండోది తెరిచాడు, అదీ అంతే. మూడోదాన్లో స్వర్గీయులు నవ్వుతుండగా మూత వేసేసి, డబ్బాలో సర్దిన చెడిపోయినదాన్ని బయటికి తీశాడు.

నివేదిక రెండు పేజీలూ దాని మీద ఏకబిగిన పూర్తయింది.