ఎండ తగలకుండా

ఆ పొద్దున కవర్ల పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు లేచేలోగా డాబా ఎక్కాలి, కవరు కట్టాలి, ఏమీ ఎరగనట్టు దిగిరావాలి.

ఆవిడ ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. టీవీకి కవరు, ఫ్రిజ్‌కి కవరు, మిక్సీకి కుచ్చుల కవరు. అందుకే బిల్డింగంతా ఆవిడకి ఆ పేరు పెట్టింది. కొత్త వస్తువు గడప దాటితే చాలు, అది ఎప్పుడు పాడవుతుందో, ఎవరి మీద పేలుతుందోనని పిన్నికి దడ. కుట్టుమిషను ముందు కూర్చుంటే తప్ప ఆ దడ తగ్గదు.

ఈసారి దడ అమ్మాయి గురించి. సోలార్ ప్యానెళ్లు బిగించే పని నేర్చుకుని సొంతంగా షాపు తెరిచింది గానీ ఇంతవరకు ఒక్క బేరం తగల్లేదు. బిల్డింగు ప్రెసిడెంటుగారేమో పాత జనరేటరు చాలక ఇంకో డీజిలు జనరేటరు కొనాలంటున్నారు. ఆయన్ని బతిమాలి, నాలుగు ప్యానెళ్లు మెట్లగది కప్పు మీద పెట్టింది. వాటితో నీళ్ల మోటారు తిరిగితే బిల్డింగు పనంతా తనదే. తిరక్కపోతే షాపు మూసి, మళ్లీ ఎవరి దగ్గరో జీతానికి చేరాలి.

"డీజిలు భూమిలోంచి తోడేది నాన్నా. ఎప్పటికైనా అయిపోతుంది. ఉన్నన్నాళ్లూ పొగే. అమ్మకి ఆ దగ్గు ఊరికే వచ్చిందా? ఎండకి లారీ అక్కర్లేదు, ట్యాంకు అక్కర్లేదు. పైన అద్దం ప్యానెళ్లు పడుంటే చాలు" అంది అమ్మాయి ముందురోజు భోజనాల దగ్గర.

ఇందులో పిన్ని చెవిన పడింది ఒక్కటే. అద్దం ఎండలో పడుంటుంది! పగిలితే? ముక్క ఎవరి నెత్తిమీదో పడితే? పోలీసులొచ్చి పిల్లని తీసుకుపోతే? పాత పూల కర్టెన్లు రెండూ కలిపి, నాలుగు మూలలా నాడాలు కుట్టేదాకా ఆవిడ మనసు కుదుటపడలేదు. తెల్లవారగానే, మోకాళ్లు మొర్రోమంటున్నా ఇనుప నిచ్చెన ఎక్కి కట్టేసి వచ్చింది.

ఎండ ముదిరాక ప్రెసిడెంటుగారు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, మోటారు తిరుగుతుందో లేదో చూడ్డానికి డాబా మీదికి వెళ్లారు. పిన్ని వంటింట్లోంచి చెవులు రిక్కించింది.

"ఒక్క నిమిషం అంకుల్, వైరు చూస్తాను." కాసేపటికి, "ఇంకొక్క నిమిషం అంకుల్!"

పిన్ని భర్త దిగులుగా కిందికి వచ్చాడు. "మోటారు కదలట్లేదే."

"నేనప్పుడే అనుకున్నాను! కరెంటు కొట్టిందా? పిల్ల బతికే ఉందా?"

"బతికే ఉంది. దాని పరువు సంగతే తెలీదు. స్విచ్చుల పెట్టె దగ్గర వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించింది పాపం."

"పైన అద్దాలకేం కాలేదుగా?"

"నిన్ననే నిచ్చెనెక్కి తుడిచి వచ్చిందిట. కిందనుంచి కనబడవు గానీ, వాటికేమవుతుంది?"

హమ్మయ్య అనుకుంది పిన్ని. కవరు కట్టడం ఎంత మంచిదైంది!

పైన ప్రెసిడెంటుగారికి ఓపిక అయిపోయింది. "చాల్లే అమ్మాయ్. కిందికెళ్లి మన జనరేటరు వేస్తాను, అక్కణ్ణుంచే చూడు. మీట నొక్కితే పలుకుతుంది" అంటూ సెల్లారులోకి దిగి నొక్కారు.

పలికింది. గడగడలాడి, నల్లటి పొగ భళ్లున కక్కి, ఆయన్ని అందులో ముంచి ఆగిపోయింది. ఆ పొగ గోడ పట్టుకుని పైకి లేచి, పిన్ని కిటికీ దాటి డాబాని కమ్మేసింది.

"ఓరి దేవుడో, పేలిపోయాయి!" పిన్ని ఫైర్ స్టేషనుకి ఫోను చేసి, చేతిలో గరిటె చేతిలో ఉండగానే మెట్లెక్కి కూతుర్ని వాటేసుకుంది. "నా తల్లే! షాపు పోతే పోయింది, నువ్వు దక్కావు!"

"ఏమైందే అమ్మా? ముందు ఆ గరిటె తియ్, గుచ్చుకుంటోంది!"

అంతలో గంట కొట్టుకుంటూ ఫైరింజను రానే వచ్చింది. వెనకే ప్రెసిడెంటుగారు దగ్గుకుంటూ పైకొచ్చారు. తెల్లచొక్కా బొగ్గుల గోనెలా ఉంది.

"మంటెక్కడ?" అన్నాడు ఫైర్‌మన్.

"మంట లేదండీ, జనరేటరు పొగ. మామూలే" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇది మామూలా సార్? మీ వీధి మొదట్లోకి రాగానే ఇల్లు తగలబడుతోందనుకున్నాం." అతను నమ్మకం కుదరక నిచ్చెన ఎక్కి చూశాడు. "ఇక్కడేదో పూలగుడ్డ కట్టి ఉందే! ఎవరిదమ్మా?"

అందరి తలలూ ఒక్కసారే పిన్ని వైపు తిరిగాయి.

"ముడి విప్పు నాయనా, లాగకు! నాడాలు తెగుతాయి!"

గుడ్డ తొలగింది. మోటారు గుర్రుమంది. ట్యాంకులోకి నీళ్లు దూకాయి.

"అమ్మా! అవి ఎండలో ఉండాల్సినవే!" అమ్మాయికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఉండమను, నేనొద్దన్నానా? రోజంతా మాడితే రంగు పోదూ?"

ప్రెసిడెంటుగారు ఫైరింజను వైపు, చొక్కా వైపు, పారే నీళ్ల వైపు చూసుకున్నారు. "నీ ప్యానెళ్లే పెట్టమ్మాయ్. ఒక్కటే షరతు. మీ అమ్మగారు డాబా ఎక్కకూడదు."

వారం తిరక్కుండా పిన్ని ఆ కర్టెన్లనే కత్తిరించి, కుచ్చులు పెట్టి, సెల్లారులో జనరేటరుకి తొడిగింది. ఆవిడ కుట్టిన కవర్లన్నిటిలో ఇంతవరకు ఎవరికీ విప్పాల్సిన పని పడనిది అదొక్కటే.