ఎనిమిది శాతం కన్వర్షన్

శనివారం పొద్దున హేబ్సిబా పెట్టుకున్న పనులు రెండే. బుడ్డి మీద బల్బు ఆరకుండా చూడడం, బుడ్డిని ఎవరూ ముట్టకుండా చూడడం. సోమవారం కాలేజీ కమిటీ చూసేదాకా ఈ రెండూ జరిగితే ఆమె ఫెలోషిప్పు ఇంకో ఏడాది సాగుతుంది. జరగకపోతే నెలాఖరుతో సరి. ఇంత చిన్న కోరిక కోరుకునేవాళ్లను దేవుడు ఊరికే వదిలిపెట్టడు.

బుడ్డి అంటే గాజుబుడ్డి. అందులో ఎర్రటి ద్రావణం, దాని మీద నింపిన బొగ్గుపులుసు వాయువు, మూతికి రబ్బరు బిరడా. నీలం బల్బు వెలుగు పడితే ద్రావణంలోని మందు పొడి ఆ వాయువును పట్టుకుని, ఇంధనానికి పనికొచ్చే మరో వాయువుగా మారుస్తుంది. బయటి గాలి తగిలితే మాత్రం పొడి పాడైపోతుంది. నాలుగు నెలలు పాటుపడి చేసుకున్న పొడిలో ఆఖరి చిటికెడు ఇప్పుడా బుడ్డిలోనే ఉంది. కాలేజీ ల్యాబుకు ఐదింటికే తాళం వేసి కరెంటు కూడా తీసేస్తారు. అందుకని గైడు శాంతరాజు అనుమతితో బుడ్డిని కన్నడ సీమలోని నౌబాద్‌లో తన అద్దె గదికి తెచ్చుకుని, బల్బును ఇన్వర్టరుకు తగిలించింది. పొద్దున్నే సూదితో కాస్త వాయువు తీసి, కాలేజీ యంత్రంలో పరీక్షించి రావడం ఆమె అలవాటు.

ఆ రోజు పరీక్షించి వచ్చి గైడుకు ఫోన్ చేసింది.

"సార్, కన్వర్షన్ ఎనిమిది దాకా వచ్చింది. మొన్న మూడే ఉండె. వెలుగు మంచిగ పడుతాంది. గిట్లనే ఉంటే సోమవారానికి పది దాటుతది."

మేనమామ ఎజ్రా పాస్టర్ అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. ఆయన సంఘంలోకి కొత్త మనిషి వచ్చి పదకొండేళ్లయింది. పాతవాళ్లు ఒక్కొక్కరే సమాధుల దొడ్డికి చేరుతున్నారు. ఎనిమిది అన్న మాట వినగానే పెద్దాయన కళ్లు చెమర్చాయి.

"ఎనిమిదా బిడ్డా! నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నీకు సమజైతదా మామా? ఇంకా పక్కా కాలే. ఎవ్వరితోని అనకు."

"నాకు సమజుగాకుంటే ఇంకెవరికైతది!" అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లాడు.

ఎవరితోనూ అననని ఆయన మాట ఇవ్వలేదు. ఆదివారం ఆరాధనలో మైకు ముందు కన్నీళ్లతో కృతజ్ఞత చెప్పాడు. "మన హేబ్సిబా ఇంట్ల వెలుగు పడ్డది. ఎనిమిది! రేపటికి పది!" ఆ మందిరంలో పైకప్పు కారుతుంది, ఫ్యాన్లు తిరగవు, మైకు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. మందిరం ఎదుట బండి దగ్గర వంకాయలు ఏరుకుంటున్న ఆమె ఇంటి ఓనరు మొగులప్ప చెవిన ఆ మాట పడింది. తన గదిలో మతాలు మారుస్తున్నారనుకున్నాడు. మొగులప్ప మంచివాడే. కానీ మంచివాళ్లు భయపడితే నేరుగా ఠాణాకే పోతారు.

మధ్యాహ్నానికి కానిస్టేబుల్ శివరాజ్ మొగులప్పను వెంటబెట్టుకుని గది ముందు నిలబడ్డాడు.

"మేడం, ఇక్కడ కన్వర్షన్ నడుస్తాందని ఫిర్యాదొచ్చింది."

హేబ్సిబాకు ముందు సంతోషమేసింది. మూడేళ్ల పరిశోధనలో ఆ సంగతి ఇంటికొచ్చి అడిగిన మనిషి ఇతనే.

"అవును సార్, ఎనిమిదయింది."

మొగులప్ప గోడకు ఆనుకున్నాడు.

"ఎట్ల చేస్తున్నరు?" శివరాజ్ జేబులోంచి పుస్తకం తీశాడు.

"లోపల నింపి, గాలి సొరకుంట మూత బిగిస్త సార్. మీదికెళ్లి వెలుగు పెడుత. మెల్లమెల్లగ అవే మారుతయ్."

"అయ్యో! మనుషులనా?"

"మనుషులేంది సార్, గ్యాసును!"

ఆ జవాబుతో శివరాజ్ అనుమానం ఇంకా ముదిరింది. నీలంగా వెలుగుతున్న బుడ్డి దగ్గరికి పోయి చేతిలోకి తీసుకున్నాడు. "ముట్టకండి సార్!" అని ఆమె అరిచేలోపే బిరడా పుటుక్కున ఊడింది. ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసనే లేదు గద," అన్నాడు. ఎర్రటి ద్రావణం వాళ్ల కళ్ల ముందే మడ్డి రంగుకు తిరిగింది. హేబ్సిబా బిరడా లాక్కుని మూతికి బిగించింది, కానీ పొడి అప్పటికే పాడైంది.

తర్వాత బొమ్మలు గీసి చెబితే అరగంటకు శివరాజ్‌కు విషయం తలకెక్కింది. పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. "తప్పైంది మేడం. ఫిర్యాదు బంద్ చెయ్యాలంటే ఒక కాగితం రాయాలె," అంటూ కన్నడంలో 'మతాంతర' అని మొదలుపెట్టాడు.

"మతం అన్న మాటే వద్దు సార్," హేబ్సిబా పెన్ను పట్టుకుని ఆపింది. "నా పేరు పక్కన అది ఒకసారి పడితే జిందగీ మొత్తం పోదు. వట్టి కన్వర్షన్ అని రాయండి."

చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని శివరాజ్ అలాగే రాశాడు: 'పరిశోధక విద్యార్థిని హేబ్సిబా గదిని తనిఖీ చేయగా అక్కడ ఎలాంటి కన్వర్షన్ జరగలేదని తేలింది. ఇదివరకు జరిగిందన్న మాట కూడా నిజం కాదు.' ఆమె సంతకం చేసింది. సాక్షిగా మొగులప్ప చేశాడు. పరుగున వచ్చిన ఎజ్రా పాస్టర్ రెండో సాక్షి. పెన్ను పట్టుకుని ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఎనిమిదిల ఒక్కరు గూడ లేరా బిడ్డా?"

"ఒక్కరు గూడ లేరు మామా."

ఆ గదిలో ఎవరి దుఃఖం ఎక్కువో చెప్పడం కష్టం.

సోమవారం మడ్డి రంగు బుడ్డి, లెక్కలు రాసుకున్న నోట్‌బుక్కు పట్టుకుని హేబ్సిబా కమిటీ ముందు నిలబడింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు బుడ్డిని ఊపి చూసి పక్కన పెట్టాడు. "గాలి తగిలింది సార్. శనివారం ఎనిమిది శాతం ఉండె, నోట్‌బుక్కుల ఉంది," అంది. ఆయన నోట్‌బుక్కు తెరవలేదు. ముందున్న జిరాక్స్ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. శాంతరాజు నేల చూపులు చూస్తున్నాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్. కానీ అది వేరే కన్వర్షన్..."

"అలాగని ఇందులో ఎక్కడుంది? నోట్‌బుక్కులో మీ మాట ఒక్కటే. దీనికి ఇద్దరు సాక్షులు, పోలీసు ముద్ర."

బయట గేటు దగ్గర మొగులప్ప స్కూటరు మీద కాచుకుని ఉన్నాడు. తన వల్ల ఆడపిల్ల పేరు చెడిందన్న బాధ తట్టుకోలేక, పొద్దున్నే ఆ కాగితానికి ఠాణాలో ముద్ర వేయించి, జిరాక్స్ తీసి ప్రిన్సిపాల్ చేతికి ఇచ్చింది ఆయనే.

"నా కాగితం పనికొచ్చిందా బిడ్డా?"

హేబ్సిబా ఆయన ముఖంలోకి చూసింది. తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఆయన తనకోసం బండి సీటు తుడుస్తున్నాడు.

"మస్తు పనికొచ్చింది మామా," అని బండెక్కింది.

నెలాఖరుకు ఫెలోషిప్పు ఆగిపోయింది, కండక్ట్ సర్టిఫికెట్టులో మాత్రం నడవడి అత్యుత్తమమని రాసిచ్చారు.